రికార్డు బుక్ నిండింది, మీటర్ పట్టడం రాలేదు: శిక్షణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ కార్మిక, ఉపాధి, శిక్షణ శాఖ మంత్రి గారికి నమస్కారం.

అయ్యా,

మిర్యాలగూడలో నాది మోటార్ వైండింగ్ షాపు. రైస్ మిల్లుల ఊరు కదా, వడ్ల సీజన్ వచ్చిందంటే మాకు కంటి మీద కునుకుండదు. సాయానికి ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసైన పిల్లల్ని పెట్టుకుంటుంటాను.

పోయిన సీజన్‌లో ఓ మిల్లు నుంచి ఫోన్. స్టార్టర్ ఊకె ట్రిప్ అవుతోందట. కొత్తగా చేరిన పిల్లవాణ్ణి పంపాను. వాడు ఓవర్‌లోడ్ రిలే (కరెంటు మితిమీరితే మోటార్‌ను ఆపేసేది) సెట్టింగ్ పెంచి వచ్చాడు. మోటార్ తిరిగింది, మిల్లు సేటు ఖుషీ. సాయంత్రానికి అదే మోటార్ కాలిన వార్నిష్ వాసనతో నా షాపు ముందు దిగింది. బేరింగ్ పట్టేసి కరెంటు ఎక్కువ లాగుతుంటే రిలే తన పని తాను చేసింది, మావాడు దాని నోరు మూయించాడు. తిట్టబోయి, "కరెంటు ఎంత లాగుతోందో క్లాంప్ మీటర్ పెట్టి చూశావా?" అని అడిగాను. "రెండేళ్లలో ఒక్కసారి దూరం నుంచి చూపించారు సార్, చేతికివ్వలేదు" అన్నాడు. ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మెగ్గర్ సంగతీ అంతే. రికార్డు బుక్‌లో మాత్రం బొమ్మలు ముద్దుగా ఉన్నాయి, ప్రతి పేజీకీ సంతకం ఉంది.

వాణ్ణి ఏమనాలి? 80 శాతం హాజరు చూపించాడు, కంప్యూటర్ మీద థియరీ పరీక్ష రాశాడు, దేశమంతా చెల్లే సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. ఐటీఐలకు గ్రేడింగ్ ఉంది. వృత్తి శిక్షణ నాణ్యత చూడటానికి 2018లో కేంద్రం ఎన్‌సీవీఈటీ అనే మండలినే పెట్టింది. ఇన్ని తనిఖీలు దాటి వచ్చిన పిల్లవాడి చేతులను ఎవరూ చూడలేదు.

ఇప్పుడు టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను రూ. 2,324 కోట్లతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు. సంతోషమే. నా భయమల్లా, ఖరీదైనదాన్ని దాచిపెట్టే మన అలవాటు గురించి. (మా పెళ్లినాటి స్టీలు సామాను ఇప్పటికీ అటక మీదే ఉంది.) కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్‌కు గుడ్డ కప్పి, అధికారులు వచ్చిన రోజు మాత్రం తీస్తే ఏం లాభం?

ప్రాక్టికల్ పరీక్ష దగ్గర పని చేయించుకునేవాళ్లను కూర్చోబెట్టండి. ఇక్కడైతే మిల్లు మెకానిక్, దామరచర్ల థర్మల్ ప్లాంట్ ఇంజినీరు. జడ్చర్లలో పోలేపల్లి ఫార్మా కంపెనీల మెయింటెనెన్స్ వాళ్లు. బాగున్న మోటార్ కాకుండా చెడిపోయింది ఇచ్చి, ఏమైందో కనుక్కోమనండి. పాసైన ఆరు నెలలకు పిల్లవాడికీ, పనిలో పెట్టుకున్న ఓనరుకూ చెరో ఫోన్ చేయించండి. కాలేజీ గ్రేడు ఆ జవాబులను బట్టి పెరగాలి, తగ్గాలి. రాగి వైరుకు, మోటార్ గాడుల్లో పెట్టే స్లాట్ పేపరుకు ఏటా విడిగా డబ్బులివ్వండి. సామాను లేకుండా ఏ మాస్టారైనా బోర్డు మీద బొమ్మే వేస్తాడు.

కాలిన మోటార్లకు మా దగ్గర కొదవ లేదు. పరీక్షకు కావాలంటే ఓ ట్రాలీ ఆటో నిండా పంపిస్తాను, కిరాయి కూడా నాదే.

ఇట్లు,
మిర్యాలగూడ నుంచి ఒక వైండింగ్ మెకానిక్