మేము వేసిన కార్బన్ మైక్‌ల సంగతి: ఉన్నదున్నట్టు

పాత డయల్ ఫోన్లు మా దగ్గర బాగుచేయించుకుని ఇంకా వాడుకుంటున్న అందరికీ నమస్కారం.

గత నాలుగు నెలల్లో మేము పంపిన కొన్ని ఫోన్లలో మీ మాట అవతలివాళ్లకి సరిగ్గా వినపడటం లేదు. మొదట్లో బాగానే ఉంటుంది. రెండు వారాలు పోయాక గొంతు సన్నబడుతుంది, లేదంటే చిటపటలు మొదలవుతాయి. హ్యాండ్‌సెట్‌ని కాస్త ఊపితే తేరుకుని, మళ్లీ మొదటికొస్తుంది. కారణం మేము వేసిన కార్బన్ మైక్ క్యాప్స్యూళ్లు, అంటే హ్యాండ్‌సెట్‌లో నోటి దగ్గర ఉండే బిళ్లలాంటి మైకులు. మొత్తం 120 కొన్నాం. వాటిలో 43 మీ ఫోన్లలోకి వెళ్లాయి. మిగతా 77 పక్కన పెట్టేశాం.

ఆ 77లో ఆరింటిని విప్పి చూశాం. క్యాప్స్యూల్ అంచు చుట్టూ లోహపు మడత ఉంటుంది. దాన్ని లేత్ మీద నెమ్మదిగా, కొంచెం కొంచెంగా కోస్తేగాని లోపలి సరుకు చెదరకుండా మూత ఊడదు. లోపల పల్చటి డయాఫ్రం, దాని వెనక చిట్టి గిన్నెలాంటి గది, ఆ గదిలో కార్బన్ రవ్వ. మంచి రవ్వ నల్లగా మెరుస్తూ ఇసకలా జారుతుంది. కాగితం మీద పోసి వంచితే గింజలన్నీ దొర్లిపోతాయి. వీటిలో ఉన్నది సగం రవ్వ, సగం పొడి. వేలు పెడితే కాటుకలా అంటుకుంది. ఒకదాంట్లో అయితే గోడకి అట్టకట్టి, తలకిందులు చేసినా కదల్లేదు.

పొడి ఉంటే ఏమవుతుందంటే: మీరు మాట్లాడినప్పుడు డయాఫ్రం అదురుతుంది, గింజలు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, వదులవుతాయి. నొక్కుకున్నప్పుడు కరెంటు ఎక్కువ పారుతుంది, వదులైనప్పుడు తక్కువ. మాటంతా ఆ హెచ్చుతగ్గుల్లోనే ఉంది. గింజల మధ్య సందుల్లోకి పొడి చేరితే అవి కదలడానికి చోటుండదు. దానికి మాట్లాడేవాళ్ల ఊపిరి తేమ తోడైతే ముద్దకడుతుంది. రిపేరు పని చేసేవాళ్లు దీన్ని ప్యాకింగ్ అంటారు. మంచి రవ్వ కూడా ఎప్పుడో ఒకప్పుడు ప్యాక్ అవుతుంది, అరచేతి మీద రెండుసార్లు తడితే విడిపోతుంది. ఇది విడిపోయే రకం కాదు.

సప్లయర్ చెప్పింది "పాత నిల్వలో మిగిలిన, వాడని సరుకు" అని. విప్పిన ఆరింటికీ అంచు మీద మడత గీతలు రెండేసి ఉన్నాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన క్యాప్స్యూల్‌కి ఒకటే గీత ఉంటుంది. అంటే ఎవరో వాడేసిన క్యాప్స్యూళ్లు విప్పి, పాత రవ్వనే జల్లెడ పట్టకుండా తిరిగి పోసి, అంచు నొక్కి పాలిష్ పట్టి అమ్మారు. ఫొటోలతో సహా రాశాం. మొదటి జవాబు: మీ పరీక్షలో తేడా ఉంది. రెండో జవాబు: నెల దాటింది, వెనక్కి తీసుకోం. మూడోసారి జవాబే లేదు. పేరు ఇక్కడ రాయడం లేదు. సరుకు ఆయనదే అయినా దాని మీద అంటించిన చీటీ మాది, మీరు నమ్మింది మా చీటీని. రాగానే 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు పెట్టి చూశాం గానీ, క్యాప్స్యూల్‌ని అన్ని వైపులకీ తిప్పుతూ చూడలేదు. తప్పు అక్కడ జరిగింది. ఆ కరెంటుకి మేము వాడే రకం క్యాప్స్యూల్ మీద ఒకటిన్నర నుంచి 3 వోల్టులు కనపడాలి, అంటే 50 నుంచి 100 ఓమ్‌లు. ఇవి నిటారుగా పెడితే అంతే చూపించాయి. పక్కకి తిప్పితే 1 వోల్టుకి పడి, మళ్లీ తిప్పితే 9కి ఎగిరాయి.

ఒకరు మాకు రాశారు: "మీరు కూడా నకిలీ సరుకే వేస్తారన్నమాట." ఆ మాటకి బాధపడ్డాం. బదులివ్వడానికి మా దగ్గర ఏమీ లేదు కాబట్టి ఇవ్వలేదు.

ఇక మూడు వారాలుగా నలుగుతున్న విషయం. ఆ 43 ఫోన్లలో ఏం వేయాలి?

తేలిక దారి ఎలక్ట్రెట్ మైక్, అంటే విద్యుదావేశాన్ని ఎప్పటికీ నిలుపుకునే పల్చటి పొరతో పనిచేసే మైక్. బెల్ ల్యాబ్స్‌లో జెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ 1962లో తయారుచేసింది. ఆ తర్వాత మొబైల్ ఫోన్లలో కోట్ల కొద్దీ వాడింది ఈ రకాన్నే. చిన్నది, చవక, తేమకి అంతగా పాడవదు, చిటపటలుండవు. పాత క్యాప్స్యూల్ డొక్కలో ఇమిడిపోతుంది కూడా. బయట చాలామంది అలాగే చేస్తున్నారు, చెప్పకుండా. మీకు తెలిసే అవకాశం దాదాపు లేదు.

అయితే దాన్ని ఊరికే రెండు తీగలకి అతికిస్తే పనిచేయదు. ఎలక్ట్రెట్‌లోని చిన్న ట్రాన్సిస్టర్‌కి అర మిల్లీ ఆంపియర్ చాలు. పాత ఫోన్లో మైక్ గుండా లైను కరెంటు మొత్తం, 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల దాకా, పారాలి. కాబట్టి ఆ కరెంటుని మోస్తూనే మాటకి తగ్గట్టు మార్చే ట్రాన్సిస్టర్ ఇంకోటి కావాలి. కార్బన్‌కి ప్లస్, మైనస్ తేడా లేదు, ఎలక్ట్రెట్‌కి ఉంది. లైను తీగలు తారుమారైతే మూగబోతుంది. అందుకని తీగలు ఎటు తగిలించినా కరెంటు ఒకే వైపు పారేలా ముందు నాలుగు డయోడ్ల బ్రిడ్జి పెట్టాలి. అది దాదాపు 1.4 వోల్టులు తినేస్తుంది. దూరపు లైన్ల మీద అది కూడా లెక్కే. హుక్ నొక్కినప్పుడు కాయిల్ నుంచి వచ్చే వోల్టేజి దెబ్బకి ట్రాన్సిస్టర్ కాలకుండా అడ్డంగా ఒక జెనర్ డయోడ్. ఇన్ని పెట్టినా చివర్లో గెయిన్, అంటే మాటని ఎంత పెంచాలో ఆ మోతాదు, సరిచూడాలి. ఎక్కువైతే మీ గొంతు మీ చెవిలోనే హోరెత్తుతుంది, తెలియకుండానే నెమ్మదిగా మాట్లాడతారు, అవతలివాళ్లేమో వినపడట్లేదంటారు.

ఇదంతా చేయగలం. చేసి చూశాం, బాగానే మాట్లాడుతుంది. మనసొప్పనిది వేరే విషయంలో.

1876 మార్చి 10న, టెలిఫోన్ తయారుచేస్తున్న అలెగ్జాండర్ గ్రాహం బెల్ మాట పక్కగదిలో ఆయన సహాయకుడు వాట్సన్‌కి వినపడింది ద్రవం వాడిన ట్రాన్స్‌మిటర్, అంటే అప్పటి మైక్, ద్వారా. ఆమ్లం కలిపిన నీళ్లున్న గిన్నెలో ఒక తీగ కొస మునిగి ఉంటుంది, గొంతుకి తీగ కదులుతుంది, నిరోధం మారుతుంది. పేటెంటు నంబరు 174465 దానికి మూడు రోజుల ముందే, మార్చి 7న వచ్చింది. ఎలైషా గ్రే కూడా ద్రవంతోనే మాట పంపే ఆలోచనని ఫిబ్రవరి 14న, బెల్ దరఖాస్తు చేరిన రోజునే, అదే కార్యాలయంలో దాఖలు చేశాడు. ఆ ఆలోచన ముందు ఎవరిదన్న వాదన ఇప్పటికీ ఆగలేదు. తర్వాత బెల్ అయస్కాంతం రకానికి మారాడు. అందులో గొంతు పుట్టించే కరెంటు తప్ప ఇంకో బలం లేదు, దూరం పోయేసరికి మాట నీరసపడేది. 1877లో ఎడిసన్ నొక్కిన పొగమసి బిళ్ల వాడాడు. 1878లో ఇంగ్లండ్‌లో హన్నింగ్స్ అనే పాదిరి బిళ్ల బదులు వదులు రవ్వ పోశాడు. గిన్నెలో నీళ్ల స్థానంలో బొగ్గు వచ్చిందంతే, సూత్రం అదే. బ్యాటరీ ఇచ్చే కరెంటుని గొంతు కేవలం అదుపు చేస్తుంది కాబట్టి, యాంప్లిఫయర్ పుట్టకముందే కార్బన్ యాంప్లిఫయర్ పని చేసింది. 1980ల దాకా, దాదాపు వందేళ్లు, మామూలు ఫోన్లలో దాన్ని తీసేయాల్సిన అవసరమే రాలేదు.

పాత ఫోన్లో మిగతావన్నీ మార్చినా ఆ రవ్వ ఉంటేనే అది పాత ఫోన్ అని మా మొండి అభిప్రాయం. మీకు ఉండాలని లేదు. అందుకే నిర్ణయం ఇది: ఆ 43 ఫోన్లకీ ఖర్చు మాదే, మీరు ఏది అడిగితే అది వేస్తాం. ఏమీ చెప్పకపోతే కార్బనే. ఎలక్ట్రెట్ వేసిన ప్రతి క్యాప్స్యూల్ వెనక ఎర్ర చుక్క పెడతాం. పాత క్యాప్స్యూల్ కవర్లో పెట్టి మీకే తిరిగిస్తాం. చెప్పకుండా మాత్రం వేయం.

కార్బన్ కావాలన్నవాళ్లు ఆగాలి. కొత్త సప్లయర్‌ని వెతకడం లేదు. ఎవరి మాటా ఇక నమ్మబుద్ధి కావడం లేదు. ఆ 77 డొక్కలనే విప్పి, రవ్వని రెండు జల్లెళ్ల మధ్య పట్టి, పొడి తీసేసి, ఆరబెట్టి మళ్లీ నింపుతున్నాం. గది అంచు దాకా నింపకూడదు, గింజలు కదలడానికి పైన కాస్త ఖాళీ వదలాలి. ఇందులో చెయ్యి తిరగడానికే పదకొండు క్యాప్స్యూళ్లు పాడుచేశాం. వారానికి ఎనిమిది కంటే ఎక్కువ కావడం లేదు. ఈసారి ప్రతిదాన్నీ నాలుగు వైపులకీ తిప్పుతూ చూస్తున్నాం.

ఒక తిరకాసు ఉంది. మాట సన్నగా వినపడే ఫోన్లన్నిటికీ జబ్బు ఇదే కాదు. కార్బన్ మైక్ బలం లైను కరెంటుని బట్టి ఉంటుంది. రాగి తీగ పోయి, ఫైబర్ డబ్బాకి ఫోన్ తగిలించినవాళ్లకి చాలాచోట్ల 20 మిల్లీ ఆంపియర్ల దగ్గరే ఆగిపోతుంది. దానికి మంచి క్యాప్స్యూల్ వేసినా గొంతు తగ్గే వినపడుతుంది. తేడా ఇలా పట్టండి: మొదటి రోజు నుంచీ ఒకే తీరుగా సన్నగా ఉంటే అది లైను. హ్యాండ్‌సెట్ తిప్పితే మారుతుంటే అది మా క్యాప్స్యూల్. మల్టీమీటర్ ఓమ్‌ల అంకెని నమ్మకండి, దాని చిన్న కరెంటుకి కార్బన్ నికరమైన అంకె చూపించదు. లైను కరెంటు తక్కువున్నవాళ్లకి ఎలక్ట్రెటే మేలని మేమే చెప్తాం, ఇష్టం లేకపోయినా.

అదే డబ్బాల్లో చాలావాటికి డయల్ పల్సులు కూడా అర్థం కావు. పాత డయల్ సెకనుకి పది చొప్పున కరెంటుని తెంపుతుంది, 5 తిప్పితే ఐదుసార్లు. 1963లో మొదలైన మీట ఫోన్ అదే 5కి 770, 1336 హెర్ట్జ్ స్వరాలు రెండూ కలిపి పంపుతుంది. కొత్త డబ్బాలు ఈ భాష ఒక్కటే వింటాయి. పల్సుని స్వరంగా మార్చే చిన్న బోర్డు మా దగ్గర ఉంది, దానికీ ఈ గొడవకీ సంబంధం లేదు, మామూలుగానే వేస్తున్నాం.

43లో మీది ఉందో లేదో ఇలా చూడండి. హ్యాండ్‌సెట్ కింది మూత ఎడమకి తిప్పి తీస్తే క్యాప్స్యూల్ కనపడుతుంది. అంచు మీద రెండు గీతలుంటే మాకు రాయండి. హ్యాండ్‌సెట్ మొత్తం పంపనక్కర్లేదు, క్యాప్స్యూల్ ఒక్కటి చాలు. డయాఫ్రం వైపు అట్టముక్క అడ్డుపెట్టి పొట్లం కట్టండి. సూదితో గానీ స్క్రూడ్రైవర్‌తో గానీ విప్పే ప్రయత్నం చేయకండి. డయాఫ్రం చిరిగి రవ్వ పోతే ఆ డొక్క మళ్లీ నింపడానికి పనికిరాదు, పాడుచేసినవి పోగా మా దగ్గర ఉన్నవే 66.