వెళ్ళొస్తామని చెప్పకుండా వెళ్ళిన మీ అందరికీ

చావింటికి వచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు "వెళ్ళొస్తాం" అనరు. ఇంటివాళ్ళు గుమ్మం దాకా వచ్చి సాగనంపరు. కాసేపు కూర్చుని, లేచి, చెప్పులేసుకుని వెళ్ళిపోవడమే. మా ఊళ్ళో ఇప్పటికీ ఇదే పద్ధతి. అందుకే నాన్న పోయిన రోజు నుంచి పన్నెండో రోజు దాకా మా ఇంటికి వచ్చిన ఏ ఒక్కరికీ నేను ఒక్క మంచి మాట కూడా చెప్పలేకపోయాను. అంత చేసి, మారుమాట లేకుండా వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయేవారు. నేను అరుగు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయేవాడిని. ఇప్పుడు మైల తీరింది. మీ అందరికీ చెప్పాల్సింది ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మాది ఒడిశాలోని గజపతి జిల్లాలో కాశీనగర్ దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న ఊరు. ఒక వీధి మాది, ఒక వీధి ఒడియా వాళ్ళది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మేం ఇటు ఉండిపోయాం, మా చుట్టాల్లో సగం మంది అటు, ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో ఉండిపోయారు. పెళ్ళికైనా చావుకైనా ఆ గీత ఎవరికీ అడ్డం రాలేదని మా మామ్మ అనేది. నాన్న పోయినప్పుడు ఆ మాట కళ్ళారా చూశాను.

శ్రావణంలో వానలు బాగా పట్టిన వారం అది. నాన్నకి బాగోలేదని ఫోన్ వస్తే హైదరాబాద్ నుంచి బయల్దేరి, పాతపట్నం దాకా వచ్చేసరికే చీకటి పడింది. అక్కడి నుంచి ఊరికి బండి దొరకలేదు. నా టెన్షన్ చూసి ఒక ఆటో అబ్బాయి, ఆ వానలో, ఊరి పొలిమేర దాకా కాదు, మా గుమ్మం దాకా తెచ్చి దింపాడు. డబ్బులు ఇవ్వబోతే "ముందు లోపలికి పో అన్నా" అన్నాడు. బాబూ, నీ పేరు కూడా అడగలేదు. ఆ రాత్రి నాన్న నన్ను గుర్తుపట్టాడంటే నీ వల్లే.

తెల్లవారుజామున ఊపిరి మారింది. అమ్మ తులసి తీర్థం పోసింది. అప్పటికే పక్క వీధి మావుసి (ఒడియాలో పిన్ని అని) వచ్చి తలాపున కూర్చుని ఉంది. ఆమెకి ఎవరు కబురు పెట్టారో నాకు తెలీదు. చీర కొంగు ముడి విప్పి చిన్న ఎర్ర గుడ్డ మూట తీసింది. అందులో పూరీ నిర్మాల్యం. జగన్నాథుడి ప్రసాదం అన్నాన్ని ఎండబెట్టి తెచ్చుకుంటారు కదా, అది. గట్టిగా, గోధుమ రంగులో, రాళ్ళలాగా ఉన్న నాలుగు మెతుకులు. అరచేతిలో నీళ్ళలో నానేసి, చూపుడు వేలితో మెల్లగా మెదిపి, నాన్న పెదాల మధ్య పెట్టింది. తన కోసం దాచుకున్నది అది. ఒడియా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఆఖరి ఘడియకి అని దాచుకుంటారు, ఊరికే ఎవరికీ ఇవ్వరు. మావుసీ, మూటలో ఇంకెన్ని మెతుకులు మిగిలాయో నేను చూశాను. వచ్చే ఏడు పూరీ వెళ్ళి మీకు నిర్మాల్యం తెచ్చి ఇచ్చే పని నాది.

ఊళ్ళో ఎవరు పోయినా పాడె కట్టడానికి మా నాన్నకే కబురొచ్చేది. నా చిన్నప్పుడు అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిన రోజులు కూడా ఉన్నాయి. పచ్చి వెదురు ఎక్కడ కొట్టాలో, ఎంత పొడవు ఉండాలో, గడ్డి ఎంత పరవాలో అంతా ఆయనకి చేతి లెక్క. ఆయన పోతే ఎవరు కడతారు? ఈ సంగతి నేను ఆలోచించే లోపలే వాకిట్లో వెదురు చీరుతున్న చప్పుడు వినిపించింది. నాన్న వెనకాల కత్తి పట్టుకుని తిరిగిన కుర్రాడు, వానలో నెత్తి మీద గోనె కప్పుకుని, ఒక్కడే మొదలుపెట్టేశాడు. ఏడవలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. అంతా కట్టడం అయ్యాక ఒక్కో ముడినీ మడమతో తొక్కి చూశాడు. అది మా నాన్న అలవాటు. తమ్ముడూ, అది చూశాకే నాకు మొదటిసారి ఏడుపు వచ్చింది.

కట్టెల విషయం వివరంగా రాయాలి. వంశధార పొంగి మామూలుగా దహనం చేసే ఇసుక మేట నీళ్ళల్లో ఉంది. మెరక మీద, తోట పక్కన చేద్దామన్నారు. చోటు దొరికింది కానీ కట్టెలేవి? ఊళ్ళో ఉన్న కట్టె అంతా తడిసి ముద్దయింది. కిరసనాయిలు పోసి ఎలాగో కానిద్దామని ఎవరో అంటున్నారు. అప్పుడు వెనక వీధి బావ రెండు ఎడ్ల బళ్ళ నిండా ఎండు మామిడి, చింత మొద్దులు వేసుకుని వచ్చాడు, పైన టార్పాలిన్ కప్పి. అవి వాళ్ళ అమ్మాయి పెళ్ళి వంటకని రెండేళ్ళుగా చూరు కింద పేర్చి ఎండబెట్టుకున్న కట్టెలు. శుభకార్యానికి ఉంచింది చావుకి తియ్యరు. అందరికీ తెలుసు, బావకీ తెలుసు. నేను నోరు తెరిచేలోపే "అగ్గికి మైలేటి బాబూ" అని మొద్దులు దింపడం మొదలుపెట్టాడు. ఆ మాట అనగలిగిన బావకీ, ఇంట్లో వద్దనకుండా పంపిన అక్కకీ నేను ఏమని చెప్పను! డబ్బు మాటెత్తితే నొచ్చుకున్నాడు. మాఘంలో పెళ్ళికి మా తోటలో ఎండిన చింతచెట్టు కొట్టించి పంపిస్తాను. ఏడాది సూతకం ఉన్న ఇంటి కట్టె పనికొస్తుందా అని పురోహితుడు గారిని కూడా అడిగి ఉంచాను, పరవాలేదన్నారు.

శంఖం ఊది జేగంట కొట్టిన దాసరి తాతకి ఎనభై దాటాయి. వాళ్ళ అబ్బాయి వస్తానన్నా ఒప్పుకోకుండా, గొడుగు కూడా వద్దని, ముందు నడిచాడు. దారి పొడవునా పేలాలూ చిల్లరా చల్లుకుంటూ, ఒకవైపు మనవాళ్ళు గోవింద అంటుంటే ఇంకోవైపు ఒడియా వీధి మగవాళ్ళు "రామ నామ సత్య హే" అంటుంటే, రెండూ కలిసిపోయి వినిపించాయి. దింపుడు కళ్ళం దగ్గర పాడె దించి, చెవిలో మూడుసార్లు పిలవమన్నారు. వెనకటి రోజుల్లో నాడి చూసి చెప్పే డాక్టరు లేడు, ప్రాణం ఉందేమోనని ఆఖరిసారి పిలిచి చూసుకునేవారట. పద్ధతి ప్రకారం పిలవడమే అనుకున్నాను. తీరా వంగితే గొంతు పెగల్లేదు. చిన్నాన్న నా వీపు మీద చెయ్యేసి, "నిదానంగా పిలు, మాకేం తొందర లేదు" అన్నాడు. వానలో అంతమంది కదలకుండా నిలబడ్డారు. ఎంతసేపు నిలబడ్డారో నాకు తెలీదు. మూడుసార్లూ పిలిచాను.

ఇంటికొచ్చాక దీపం సంగతి. నాన్న పడుకున్న చోట పెట్టిన దీపం కొండెక్కకూడదు. ఈదురుగాలికి తలుపు సందుల్లోంచి జల్లు కొడుతోంది, మేమా ఒళ్ళు తెలియని అలసటలో ఉన్నాం. ఎదురింటి పిల్లాడు, తొమ్మిదో తరగతి చదువుతున్నవాడు, నూనె గిన్నె ఒళ్ళో పెట్టుకుని తెల్లార్లూ దీపానికి అడ్డం కూర్చున్నాడు. బాబూ, బాగా చదువుకో. నీకేం కావాలన్నా నన్ను అడుగు.

పది రోజులు మా పొయ్యి వెలగలేదు. ఒక్క పూట కూడా పస్తు లేము. పొద్దున ఎవరు, రాత్రి ఎవరు అని మీలో మీరే వంతులు వేసుకున్నారని తర్వాత తెలిసింది. ఒడియా వీధి నుంచి అరువా బియ్యం, అంటే పచ్చి బియ్యం అన్నం, పసుపు వెయ్యకుండా పెసరపప్పూ కందా పచ్చి అరటికాయా కలిపి ఉడికించిన దాల్మా, పైన నెయ్యి. మన వీధి నుంచి చారు, కాల్చిన వంకాయ పచ్చడి. అమ్మ మొదటి మూడు రోజులు ఏమీ ముట్టలేదు. నాలుగో రోజు మేనత్త పక్కన కూర్చుని, నాన్న చేసిన పనులన్నీ ఒక్కొక్కటీ చెప్పుకుంటూ రాగం తీసి ఏడ్చింది. తనకి పెట్టిన పురుడు, సంక్రాంతికి గుమ్మడికాయ మోసుకొచ్చిన దూరం, అలిగి మాట్లాడని ఏడాది, అన్నీ. వింటూ వింటూ అమ్మ కూడా గొంతు కలిపింది. ఏడుపు తీరాక ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. ఇలా రాగం తీసి ఏడవడం పాత మోటు అలవాటు అని నేను కూడా అనుకునేవాడిని. అత్తా, నన్ను క్షమించు.

అన్నిటికంటే పెద్ద కృతజ్ఞత పదో రోజుది.

మా తాత 1980 వంశధార వరద వచ్చిన మరుసటి ఏడు పోయాడు. పదో రోజు ఇంకా చీకటి ఉండగానే మామ్మని ఏటికి తీసుకెళ్ళి, చేతుల నిండా కొత్త గాజులు తొడిగి, పూలు పెట్టి, ఆ తర్వాత అవే గాజుల్ని రాతితో పగలగొట్టారట. ఒక పెంకు మణికట్టులో దిగింది. ఆ మచ్చ నేను చిన్నప్పుడు వేలితో తడిమేవాడిని, "ఇదేటి మామ్మా" అని. "మీ తాత గుర్తు" అనేది. ఎవరి కంటా పడకుండా చీకటి గదిలో కూర్చోబెట్టిన సంగతి చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది. చావు పద్ధతుల్లో నాకు అర్థమైనవీ ఉన్నాయి, కానివీ ఉన్నాయి, ఇది మాత్రం పోవాలి. అమ్మకి ఇది జరుగుతుందని తెలిసి తొమ్మిదో రోజు రాత్రంతా నేను నిద్రపోలేదు. నేను అడ్డుపడితే పట్నం వాడు పెద్దల మాట కాదన్నాడంటారు. ఊరుకుంటే అమ్మ చేతులు.

ఏటి ఒడ్డున ఆడవాళ్ళంతా చేరారు. మేం కాస్త దూరంలో ఉన్నాం. పెద్దమ్మ, అంటే నాన్న వదిన, ముప్పై ఏళ్ళ క్రితం పెదనాన్న పోయినప్పుడు ఇదంతా తన మీద జరిపించుకున్న మనిషి, అమ్మ ఎదురుగా బురదలోనే చతికిలబడింది. పక్కనున్న రాయి తీసి ఏట్లోకి విసిరేసింది. "నా చేతులకి చేసింది చాలు. నానుండగా దీని చేతులకి జరగదు" అంది. గట్టిగా కూడా కాదు, మామూలు గొంతుతో. తర్వాత అమ్మ వైపు తిరిగి, "నీకుంచుకోవాలంటే ఉంచుకో, తియ్యాలంటే నువ్వే తియ్యి" అంది. ఎవరూ మాట్లాడలేదు. పురోహితుడు గారు ఇటు తిరిగి "నా మంత్రానికేం అడ్డు లేదు, కానివ్వండి" అన్నారు. అమ్మ చేతులు తడిపి, ఆకుపచ్చ గాజుల్ని ఒక్కొక్కటీ జార్చింది. చేతికి రెండేసి ఉంచుకుంది. తీసినవి నాన్న అస్థికలు కలిపిన నీళ్ళల్లోనే వదిలింది. పెద్దమ్మా, నీ పాదాలకి దండం. మాట్లాడకుండా ఒప్పుకున్న ప్రతి అమ్మకీ, అత్తకీ దండం.

పన్నెండో రోజు కొండ మీద నుంచి నాన్న స్నేహితుడు, సవర తాత, దిగొచ్చాడు. పొద్దున్నే బయల్దేరి నడిచే వచ్చాడట. కందులు గోచీ కొంగులో మూట కట్టి తెచ్చి నాన్న ఫోటో ముందు పెట్టాడు. మనిషి ఎదురుగా ఉన్నట్టే వాళ్ళ మాటలో చాలాసేపు మాట్లాడాడు. తర్వాత తెలుగులో నాతో, మా వాళ్ళయితే పోయినవాడికి రాయి నాటి గువార్ చేస్తాం, దున్నని కోస్తాం, మీకు అవన్నీ లేవు కదా, అందుకని ఊరికే మాట్లాడిపోదామని వచ్చాను అన్నాడు. భోజనం చేసి వెళ్ళమంటే చేశాడు. వెళ్ళొస్తానని ఆయన ఒక్కడే అన్నాడు.

మరణ నమోదు 21 రోజుల్లోపు చేయించాలని నాకు గుర్తే లేదు. ఒడియాలో రాయడం నాకు రాదు. స్కూలు మాస్టారు గారు కాగితాలు తెచ్చి, నాన్న పేరు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం అక్షరం సరిచూసి నింపి, తనే తీసుకెళ్ళి ఇచ్చారు. వానలో రెండుసార్లు తిరిగారు. మాస్టారూ, ధన్యవాదాలు. తల గీసిన అన్నకి, చలువ బట్టలు తెచ్చిన మామకి, ఇచ్చినంత తీసుకుని లెక్క కూడా పెట్టని మీ పెద్దమనసుకి దండం. శ్రీముఖలింగం దాకా కారు తోలిన తమ్ముడికి కూడా.

ఒక చిన్న మాట మిగిలింది. అన్నం తెచ్చిన గిన్నెలు మూడు మా ఇంట్లో ఉండిపోయాయి. ఒకటి మూత ఉన్న స్టీలు క్యారియర్, పిడి దగ్గర చిన్న సొట్ట. ఒకటి ఇత్తడి గిన్నె, అడుగున ఒడియా అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి. మూడోది పిల్లలు బడికి పట్టుకెళ్ళే నీలం మూత డబ్బా. ఖాళీగా ఇవ్వకూడదని అమ్మ మూడింటిలోనూ కొత్త బియ్యం పోసి ఉంచింది. ఎవరివో వాళ్ళు సాయంత్రం పూట వచ్చి తీసుకోండి. నెలాఖరు దాకా నేను ఇంట్లోనే ఉంటాను. ఈసారి వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తామని చెప్పి వెళ్ళండి.