విత్తనపు పోతుకు బరువొక్కటే చాలా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మానాపురం సంతలో మేకపోతును కొనేవాడు ముందు నడుం మీద చెయ్యేసి నొక్కుతాడు, తర్వాత నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. కోతకు కొనేవాడికి అది చాలు. మందలోకి విత్తనపు పోతును కొనే నాలాంటివాళ్ళమూ అలాగే కొంటున్నాం. ప్రభుత్వ పథకాల కింద ఇచ్చే పోతులకూ చూసేది బరువే. నా బాధ దాని గురించే.

కిందటి చలికాలం మా మేనల్లుడు చీజ్ చేసి చూద్దామని, పాలను గడ్డకట్టించే రెన్నెట్ అనే పదార్థం తెచ్చాడు. (పేపర్లలో చీజ్‌ను జున్ను అని రాస్తుంటారు. ఈనిన గేదె పాలల్లో బెల్లం, మిరియాలు వేసి వండుకునే మన జున్నుకూ దీనికీ సంబంధం లేదు.) నా దగ్గర రెండో ఈత మేకలు రెండున్నాయి, ఒకటి నల్లది, ఒకటి చెవుల మీద తెల్ల మచ్చలున్నది. మేత ఒకటే, ఈనడంలో వారం తేడా. వాటి పాలు విడివిడిగా లీటరేసి పోగుచేసి, గోరువెచ్చగా కాచి, ఒకే కొలతలో రెన్నెట్ కలిపాం. ముప్పావు గంటకు నల్లదాని పాలు కత్తి దింపితే గాటు నిలబడేంతగా గడ్డకట్టాయి. మచ్చలదానివి గరిటె మీంచి జారిపోయాయి. గుడ్డలో కట్టి వేలాడదీస్తే చాలామటుకు తేటలోనే పోయింది. "నీళ్ళు గానీ కలిపావా మావయ్యా?" అన్నాడు వాడు. రెండు మేకలతో ఏదీ రుజువు కాదని నాకూ తెలుసు. కాని చదవడం అక్కడే మొదలెట్టాను.

పాలు గడ్డకట్టేది కేసీన్ అనే మాంసకృత్తు వల్ల. అందులో ఆల్ఫా ఎస్1 అనే రకం ఆవుపాలల్లో దండిగా ఉంటుంది. మేకల్లో మాత్రం అది మేకమేకకూ మారుతుంది, కారణం జన్యువు. ఈ సంగతి 1987లో ఫ్రాన్స్ పరిశోధకులు బయటపెట్టారు. ఆ జన్యువు రూపాల్లో ‘ఏ’, ‘బి’, ‘సి’ బలమైనవి, ఒక్కొక్కటీ లీటరు పాలకు సుమారు 3.6 గ్రాములు చేరుస్తుంది. ‘ఇ’ అనేది 1.6, ‘ఎఫ్’ 0.6 దగ్గరే ఆగిపోతాయి. ఏమీ ఇవ్వని రూపాలూ ఉన్నాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది కనుక ఒక మేక లీటరు పాలల్లో 7 గ్రాములు ఉండొచ్చు, పక్కదాని పాలల్లో అసలు లేకపోవచ్చు. చెంబులో రెండూ తెల్లగానే ఉంటాయి. బలమైన రూపాలున్న పాలల్లో వెన్న కూడా ఎక్కువ, గడ్డ గట్టి, చీజ్ ఎక్కువ దిగుతుంది. బలహీనమైన వాటితో చేసినదానికి మేక వాసన ఘాటు. అదే కావాలనేవాళ్ళూ ఉన్నారనుకోండి.

చిక్కల్లా పోతు పాలివ్వదు. కాని మందలో పుట్టే ప్రతి పిల్లకూ సగం వాటా దానిదే. దాని రక్తం కాస్త తీసి జన్యువు చూస్తే ఏ రూపం ఉందో తేలిపోతుంది. ఫ్రాన్స్‌లో ఆల్పైన్, సానెన్ అనే మేకజాతుల పోతుల్ని అలా చూసే ఎంచుకున్నారు, అక్కడి మందల్లో అప్పటికి ‘ఇ’, ‘ఎఫ్’లే ఎక్కువ కనుక. మన దేశీ మేకల మీద జరిగిన పరిశీలనల్లో బలమైన రూపాలే ఎక్కువగా కనబడ్డాయి. వాళ్ళు ఏళ్ళ తరబడి ఏరుకున్నది మన దొడ్లో ఊరికే తిరుగుతూ ఉండొచ్చు. దాన్ని చూడకుండా ఒడ్డూపొడుగూ ఉన్న ఏదో పోతును తెచ్చి మందలో వదిలితే, ఉన్నది ఎప్పుడు పోయిందో కూడా తెలీదు.

నాకు పోతును ఇచ్చిన రోజు "దీని తల్లి పాలు ఎలాంటివి?" అని అడిగాను. "మేకపాలు ఎవరికి కావాలండీ" అన్నారు ఇచ్చినవాళ్ళు. మరి పట్నంలో మేకపాల చీజ్ కొనేవాళ్ళు ఎవరు?

గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, మన జిల్లాలోనే. పంచే పోతుల రక్తమైనా ముందు అక్కడ పరీక్ష చేయించి, బరువు రాసే కాగితం మీదే ఆ రూపం కూడా రాసివ్వమని అడుగుతున్నాను. నల్లదానికి పుట్టిన పోతుపిల్లకు ఇప్పుడు నాలుగు నెలలు. సంతకు తోలెయ్యమని ఇంట్లో పోరు. రక్తం ఎక్కడ ఇవ్వాలో ఎవరైనా చెప్పేదాకా అమ్మను.

– ఒక మేకల రైతు,
గజపతినగరం మండలం, విజయనగరం జిల్లా