ఆరు శనివారాలు, పద్నాలుగు దుప్పట్లు

పిల్లల పాడ్‌కాస్ట్ వర్క్‌షాప్ నిన్నటితో అయిపోయింది. 13 నుంచి 17 ఏళ్ల పిల్లలు 11 మంది, డైరీల్లోనూ నోటు పుస్తకాల చివరి పేజీల్లోనూ దాచుకున్న రాతల్ని సొంత గొంతుతో చదివి రికార్డ్ చేశారు. పేరుకు నేను నిర్వాహకురాలినే గానీ, మైకు ఎటు తిప్పి పెట్టాలో కూడా నాకు తెలియదు. తెలిసినవాళ్లు వచ్చి నిలబడ్డారు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

ముందు గది సంగతి. ఇస్తామన్న హాలు రెండు రోజుల ముందు లేదనేశారు. తర్వాత ఫోన్ కూడా ఎత్తలేదు. టెన్షన్‌లో గ్రూపులో పెట్టిన మెసేజ్ చూసి ఒక తల్లి తన ఇంట్లోనే ఒక గది ఖాళీ చేసిచ్చారు. ఖాళీ గదిలో మాట గోడలకు కొట్టుకుని మోగుతుంది, దుప్పట్లు కావాలని అడిగితే మర్నాటికి 14 వచ్చాయి. గోడల నిండా వేలాడదీశాం. మా స్టూడియో అదే!

సౌండ్ చూసుకున్న తమ్ముడికి వారమంతా ఉద్యోగం, శనివారం మేము. మైకును నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పెట్టించాడు. ఎదురుగా ఉంటే ప, బ పలికినప్పుడు గాలి నేరుగా తగిలి 'టప్' మంటుందట. మొదటి రోజు సగం మంది తమ రికార్డింగ్ విని "ఇది నా గొంతు కాదు" అని మొహం దాచుకున్నారు. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు గాలిలోంచే కాక తల ఎముకల గుండా కూడా చెవికి చేరుతుంది, అందుకే మనకు నిండుగా వినిపిస్తుంది, మిగతావాళ్లు ఎప్పుడూ వినేది ఇదే అని చెప్పాడు. "అయితే ఇన్నాళ్లూ నాకొక్కదానికే తెలీదా అన్నా?" అందొక పిల్ల.

రాతలు చూసిన టీచరుగారు ఎర్ర పెన్ను బయటికే తీయలేదు. పైకి చదవమనేవారు, నాలుక తడబడ్డ చోట వాక్యం విరవమనేవారు, అంతే. ఒకబ్బాయి వాళ్ల తాతయ్య గురించి రాసింది చదివితే 9 నిమిషాలు వచ్చింది. తనే కోసుకుంటూ 3 నిమిషాలకు తెచ్చాడు. చివరికి తాతయ్య కళ్లజోడు పెట్టె ఇంటి నుంచి తెచ్చి, అది మూసుకునే 'టక్' చప్పుడు రికార్డ్ చేసి పెట్టుకున్నాడు. గదిలో కాసేపు ఎవరం మాట్లాడలేదు.

పిల్లలూ, పెద్దలూ ఇద్దరూ సరేనంటేనే బయటికి వెళ్తుందని మొదటి రోజే అనుకున్నాం. అయిదో శనివారం ఒకమ్మాయి తన ఎపిసోడ్ వద్దంది. నిజం చెప్పాలంటే అన్నింట్లోకీ బాగా వచ్చింది అదే, నేను నచ్చజెప్పబోయాను. తమ్ముడు నావైపు ఒక్కసారి చూసి, ఎందుకని కూడా అడక్కుండా, ఆ పిల్ల ముందే ఫైలు తీసేశాడు. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాడు. దాని మీద ముందు రోజు రాత్రి మూడు గంటలు కూర్చున్నాడని నాకు తెలుసు. తమ్ముడూ, ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఆ ఒక్క నిమిషం. థాంక్స్.

నిన్న ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. రికార్డ్ చేయలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని చిన్నవాళ్లవి వింటూ, దుప్పటి జారినప్పుడల్లా లేచి సర్దింది.

దుప్పట్లన్నీ ఉతికి మడిచి పెట్టాను, వచ్చి తీసుకెళ్లండి. నీలం పూలది మాత్రం ఎవరిదో ఇంకా తేలలేదు.