గుట్ట బాట మూసేయకండి, దాన్ని కాపాడే పని మాకు అప్పగించండి

గౌరవనీయులైన అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మా ఊరి వెనకున్న గుట్ట మీద ఎనిమిదేళ్లుగా ప్రతి ఆదివారం సైకిళ్లు తొక్కుతున్న క్లబ్ తరఫున ఈ లేఖ రాస్తున్నాను. అందులో నేను రైడ్ లీడర్‌ని. మూడు నెలల కిందట గుట్ట కింద, బాట మొదలయ్యే చోట ఒక బోర్డు వెలిసింది. 'బైకులకు ప్రవేశం లేదు' అని ఒకటే వాక్యం. ఎందుకు పెట్టారో, ఎన్నాళ్లో అందులో లేదు. సంబంధిత కార్యాలయానికి రెండుసార్లు వెళ్లి అర్జీలు ఇచ్చాం. తీసుకున్నారు, ముద్ర వేసి నకలు చేతికిచ్చారు, ఆ తర్వాత కబురు లేదు. అందుకే ఇలా నలుగురి ముందు మీతో మాట్లాడాల్సి వస్తోంది.

ముందు ఆ బోర్డు మీది మాట గురించే చెబుతాను. బైక్ అంటే మనవాళ్లకి మోటార్ సైకిలే గుర్తొస్తుంది. ఆ బోర్డు చదివినవాళ్లు మేం ఇంజన్లు మోగించుకుంటూ అడవిలో తిరుగుతున్నామని అనుకుంటున్నారు. మావి సైకిళ్లండీ. లావు టైర్లు, ముందు ఫోర్కులో షాక్ అబ్జార్బర్, డిస్క్ బ్రేకులు, ఎత్తెక్కడానికి తేలికైన గేర్లు. కాళ్లతో తొక్కితేనే కదులుతాయి. బ్యాటరీ మోటారు ఉన్న సైకిళ్ల గురించి మీరు విడిగా ఆలోచించి ఏ నిర్ణయం తీసుకున్నా సరే, పాటిస్తాం. మోటార్ సైకిళ్లనీ మమ్మల్నీ ఒకే మాటతో గెంటేయడం మాత్రం న్యాయం కాదు.

నిషేధానికి కారణాలుగా మా చెవిన పడ్డవి రెండు. బాట మట్టి కొట్టుకుపోతోందట, నడవడానికి వచ్చేవాళ్లు భయపడుతున్నారట. రెండూ ఉత్తి మాటలని నేను అనను.

మూడో మలుపు దగ్గర పెద్ద బండ దాటగానే బాట నిటారుగా దిగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు అక్కడ భయంతో వెనక బ్రేకు గట్టిగా పట్టేస్తారు. చక్రం తిరగడం ఆగిపోయి మట్టిని గీరుకుంటూ జారుతుంది. అలా జారీ జారీ అక్కడ జానెడు వెడల్పున గాడి పడింది. ఒక్క వానాకాలంలో అది మోకాలి లోతైంది. అందులో మా తప్పుంది, ఒప్పుకుంటున్నాను.

కానీ ఒకరోజు జోరు వానలో గొడుగు వేసుకుని అక్కడికి వెళ్లి అరగంట నిలబడ్డాను. గాడిలో పారుతున్న నీళ్లు ఎక్కడివో చూద్దామని పైకి నడిచాను. ముప్పై అడుగులు ఎక్కాక అర్థమైంది. ఎన్నో ఏళ్లుగా మనుషులు అడ్డదారిన దిగీ దిగీ పడ్డ కాలిబాట అది. వాలుకి అడ్డంగా పోకుండా తిన్నగా కిందికి దిగుతుంది. చుట్టుపక్కల కురిసిన నీళ్లన్నీ దాంట్లోకే చేరుతున్నాయి. అంటే బాట కాస్తా పిల్లకాలువ అయింది. మా టైర్ల గాడి ఆ కాలువకి చివర తగిలింది, నీళ్లకి దారి ఇంకా సులువైంది. రేపు సైకిళ్లు ఒక్కటి కూడా రాకపోయినా ఆ కాలువ ఆగదు. వాన పడ్డప్పుడల్లా తవ్వుకుంటూనే పోతుంది.

ట్రైల్స్, అంటే కొండల్లో, అడవుల్లో బాటలు వేసేవాళ్లు దీనికి ఎప్పుడో లెక్క కట్టారు. కొండ వాలు ఎంతుందో అందులో సగానికి మించి బాట వాలు ఉండకూడదు. కొండ వంద అడుగులకి ఇరవై అడుగులు దిగుతుంటే, బాట వంద అడుగులకి పది అడుగులకి మించి దిగకూడదు. అంతకు మించితే నీళ్లు బాటను అడ్డంగా దాటి పోకుండా బాట వెంబడే పారతాయి. బాట అడుగు కూడా లోయ వైపుకి కాస్త ఒరిగి ఉండాలి, ఐదు శాతం ఒరుగు చాలు. మధ్యమధ్యలో బాట కొంచెం ఎక్కి మళ్లీ దిగాలి. ఆ పల్లం దగ్గర నీళ్లు పక్కకి జారిపోతాయి. ఇదంతా సైకిళ్ల కోసమే చెప్పింది కాదు, నడిచేవాళ్ల బాటకి కూడా ఇదే సూత్రం.

మేం చేసింది అదే. పదకొండు మందిమి, రెండు ఆదివారాలు, సైకిళ్లు ఇంట్లో పెట్టి పలుగులూ పారలూ పట్టుకెళ్లాం. గాడిని రాళ్లతో నింపి, పైన మట్టి వేసి దిమ్మిస కొట్టాం. దానికి పదిహేను అడుగుల పైన బాటకి అడ్డంగా వెడల్పాటి పల్లం తీశాం. తీసిన మట్టినే దాని కింద గట్టులా పోశాం. ఆ తర్వాత పడ్డ వానకి మళ్లీ వెళ్లి చూశాను. నీళ్లు ఆ పల్లం దాకా వచ్చి, ఒక్క క్షణం నిలిచి, పక్కన ఎండుటాకుల్లోకి మళ్లిపోయాయి. కింద మలుపు దగ్గర మట్టి తడిసిందే తప్ప కదల్లేదు. ఆ పూట నాకు కలిగిన సంతోషం ఏ రైడ్‌లోనూ కలగలేదు. ఇలాంటివి ఇంకో నాలుగు చోట్ల తీయాలని గుర్తులు పెట్టుకున్నాం. ఆలోపే బోర్డు వచ్చింది. ఇప్పుడు అటు పార పట్టుకుని వెళ్లాలన్నా ఎవరేమంటారోనని టెన్షన్.

చక్రాల వల్లే కొండ పాడవుతుందన్న నమ్మకం కొత్తది కాదు. 1994లో అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో విల్సన్, సెనీ అనే ఇద్దరు పరిశోధకులు కొండ బాటల మీద మనుషులూ, గుర్రాలూ, మోటార్ సైకిళ్లూ, సైకిళ్లూ చేసే నష్టాన్ని పోల్చి చూశారు. చక్రాల కన్నా గిట్టలూ పాదాలే ఎక్కువ మట్టిని వదులు చేశాయని తేలింది, అదీ తడిసిన బాట మీద మరీ ఎక్కువగా. దీన్ని పట్టుకుని మేం నిర్దోషులమని వాదించను, మా గాడి సంగతి పైనే చెప్పాను. ఒక్క పరిశోధనతో అన్ని కొండల లెక్కా తేలదు కూడా. ఎవరు వెళ్లినా బాట అరుగుతుంది కాబట్టి, దాన్ని ఎలా వేశారు, ఎవరు చూసుకుంటున్నారు అన్నది ముందు అడగాలని మాత్రమే అంటున్నాను.

నడిచేవాళ్ల భయం గురించి చెప్పడం నాకు ఇంకా కష్టం. నిరుడు మావాడొకడు మలుపులో వేగం తగ్గించకుండా వచ్చాడు. ఎదురుగా నడిచి వస్తున్న ఒక పెద్దాయన కంగారుపడి పక్కకి తప్పుకోబోయి పడ్డారు. మోచెయ్యి గీసుకుపోయింది. ఆ సాయంత్రం మేం ఐదుగురం ఆయన ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాం. ఆయన కోప్పడలేదు. "బాబూ, వస్తున్నట్టు నాకు తెలిస్తే నేనే జరిగేవాణ్ణి కదా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ వారం నుంచి క్లబ్‌లో బెల్ లేని సైకిల్‌ని రానివ్వడం లేదు. అవతలివైపు కనపడని మలుపుల్లో నడక వేగమే. మనుషులు ఎదురైతే ఆగి, దిగి, దారి ఇవ్వాల్సింది మేమే. ఎక్కేవాళ్లు ఎదురైతే దిగేవాళ్లు ఆగాలి. ప్రపంచమంతటా ట్రైల్స్ మీద సైకిల్ తొక్కేవాళ్లు పాటించే మర్యాద ఇది. ముందే గట్టిగా పాటించి ఉంటే ఆయన పడేవారు కాదు.

మా గ్రూప్ రైడ్ ఎలా సాగుతుందో మీకు తెలియాలి. బయల్దేరే ముందు అందరి సైకిళ్లకీ గాలి, బ్రేకులు, చైను చూస్తాం. హెల్మెట్ లేకపోతే ఆ రోజుకి రావద్దంటాం. ఎనిమిది మందికి మించితే రెండు జట్లు చేస్తాం, మధ్యలో పది నిమిషాల తేడా. ముందు లీడర్, చివర స్వీప్. స్వీప్ అంటే అందరి కన్నా వెనక ఉండి, ఎవరికి పంక్చర్ పడ్డా, ఎవరు అలసిపోయినా వాళ్లతో పాటే ఆగే మనిషి. బాట చీలిన ప్రతి చోటా లీడర్ ఆగుతాడు. స్వీప్ కనపడేదాకా కదలడు. ఈ ఎనిమిదేళ్లలో ఎవర్నీ గుట్ట మీద వదిలేసి రాలేదు.

బోర్డు పెట్టిన తర్వాత కూడా కొందరు కుర్రాళ్లు ఒంటరిగా చీకట్లో గుట్ట ఎక్కుతున్నారని తెలిసింది. బోర్డు ఉన్న దారి వదిలేసి, పొదలు నరికి వెనక నుంచి కొత్త దారి చేసుకున్నారట. వాళ్లు మా క్లబ్ వాళ్లు కారు, వాళ్లు చేసేది తప్పే. అయినా వాళ్లని తలచుకుంటే దిగులుగా ఉంది. వెనక స్వీప్ లేడు, పడితే చూసేవాళ్లు లేరు. అడవికీ కొత్త గాయం. అనుమతి ఉన్న బాట ఒకటుంటే వాళ్లని పిలిచి మాతో కలుపుకునేవాళ్లం. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని పిలవాలి?

ఈ గొడవ మా గుట్టతో మొదలైంది కాదు. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు యువకులు పాత సైకిళ్లకి లావు టైర్లు వేసి కొండ దిగడం మొదలుపెట్టారు. 1976లో ఒక మట్టి రోడ్డు మీద పందేలు పెట్టుకున్నారు. కిందికి చేరేసరికి వెనక చక్రం బ్రేకులో గ్రీజు కాలిపోయేది, విప్పి మళ్లీ గ్రీజు నింపాల్సి వచ్చేది. ఆ పందేనికి రీప్యాక్, అంటే మళ్లీ నింపడం, అన్న పేరు అలాగే వచ్చింది. తర్వాత అదే కాలిఫోర్నియాలో ఒకదాని వెంట ఒకటి బాటలు సైకిళ్లకి మూసేశారు. అప్పుడు అక్కడి క్లబ్బులు కొన్ని కలిసి 1988లో ఇంటర్నేషనల్ మౌంటెన్ బైసైక్లింగ్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. నేను పైన చెప్పిన సగం వాలు సూత్రాన్ని క్లబ్బులకి నేర్పినవాళ్లలో వీళ్లు ముఖ్యులు. బాటలు పోగొట్టుకున్నవాళ్లే బాటలు వేయడం నేర్పేవాళ్లయ్యారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి కొండ బాటల్లో సైకిల్ తొక్కే ఈ ఆటకి పతకాలు కూడా వచ్చాయి.

ఆస్ట్రేలియాలోని టాస్మేనియా రాష్ట్రంలో డెర్బీ అని చిన్న ఊరుంది. ఒకప్పుడు తగరం గనుల ఊరు. గనులు పోయాక జనం తగ్గిపోయారు. 2015లో అక్కడి అడవిలో సైకిల్ ట్రైల్స్ తెరిచారు. రెండేళ్లు తిరిగేసరికి, 2017లో, ఎండ్యూరో వరల్డ్ సిరీస్ అనే అంతర్జాతీయ కొండ సైకిల్ పోటీ ఆ ఊరికి వచ్చింది. మా గుట్టకి అంత పేరు రావాలని అడగడం లేదు. ప్రభుత్వం, ఊరు, సైకిల్ తొక్కేవాళ్లు ఒక దారికి వస్తే అడవిలో బాట ఎలా నిలుస్తుందో చూడమని అడుగుతున్నాను.

మా విన్నపం ఇది. ఆ బోర్డు తీసి, ఏ బాటలో సైకిళ్లు వెళ్లొచ్చో, ఏ బాటలో వెళ్లకూడదో రాసిన బోర్డు పెట్టించండి. పై గట్టు దగ్గర పక్షులు గూళ్లు పెట్టే వైపు బాటని పూర్తిగా మూసేయండి, దానికి మేమే కాపలా ఉంటాం. చీకటి పడ్డాక ఎవర్నీ రానివ్వకండి. వాన పడి మట్టి టైరుకి అంటుకుంటున్నంత కాలం సైకిళ్లు ఆపేయండి. ఆరిందో లేదో మీ సిబ్బంది చెప్పే మాటే మాకు ఆఖరి మాట. దిగడానికి ఒక దారి, ఎక్కడానికి ఒక దారి చేస్తే ఎదురుపడే బాధ సగం తగ్గుతుంది. ఇష్టపడి నడిచేవాళ్ల కోసం కొన్ని పూటలు పూర్తిగా వాళ్లకే వదిలేస్తాం. బాట మరమ్మతు బాధ్యత రాతపూర్వకంగా మా క్లబ్‌కి ఇవ్వండి. ఎక్కడ తవ్వాలి, ఎంత తవ్వాలి అన్నది మీ అధికారి గీసి చూపిస్తే, చేసేది మేం. తప్పిన రోజున అనుమతి రద్దు చేయండి.

మా క్లబ్‌లో పద్నాలుగేళ్ల అమ్మాయి ఒకతె ఉంది. రెండో మలుపు పైన చెట్టు వేళ్లు మెట్టులా లేచి ఉంటాయి. ఆరు ఆదివారాలు అక్కడ కాలు కింద పెట్టేసింది. ఏడో ఆదివారం ముందు చక్రం ఎత్తి, ముందుకి వంగి, ఒక్క తొక్కుడుతో దాటేసింది. వెనక ఉన్న మేమందరం ఆగిపోయి చప్పట్లు కొట్టాం. ఆ మరుసటి వారమే బోర్డు వచ్చింది. "మళ్లీ ఎప్పుడు వెళ్తాం అంకుల్?" అని ఆ పిల్ల ప్రతి శనివారం ఫోన్ చేస్తుంది.

ఈ లేఖ మీకు అందాక పడే మొదటి వాన వెలిసిన ఉదయం ఆరు గంటలకి, సైకిళ్లు లేకుండా, మూడో మలుపు దగ్గర మేం ఉంటాం. మీరు గానీ, మీరు పంపిన అధికారి గానీ వస్తే, నీళ్లు ఇప్పుడు ఎటు పోతున్నాయో, మిగిలిన నాలుగు చోట్ల ఎటు పోతున్నాయో దగ్గరుండి చూపిస్తాం.

ఇట్లు,
మా సైక్లింగ్ క్లబ్ సభ్యులందరి తరఫున,
రైడ్ లీడర్