ఆ స్కోరు షీట్లు తూకానికి పోకూడదు

సంపాదకుడు గారికి,

అమెరికాలో హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ ఎగిరే పళ్లేలు, అతీంద్రియ అనుభవాల కాగితాలు సేకరించి లైబ్రరీలో పెట్టిందని చెబితే మా వాకింగ్ మిత్రులు పగలబడి నవ్వారు. ‘దెయ్యాలకీ బీరువాలా?’ అన్నారొకాయన. నాకూ నవ్వొచ్చింది. కానీ లైబ్రరీలో పనిచేసి రిటైరైనవాణ్ని, బీరువాలో ఏముందో చూడకుండా ఉండలేను.

ఆ సేకరణ పేరు ‘ఆర్కైవ్స్ ఆఫ్ ది ఇంపాజిబుల్’. మతాల గురించి పాఠం చెప్పే ప్రొఫెసర్ జెఫ్రీ క్రైపల్ పూనికతో, కంప్యూటర్ శాస్త్రవేత్త జాక్ వాలే ఇచ్చిన ఫైళ్లతో మొదలైంది. నాకు ఆసక్తి కలిగించినవి మాత్రం ఉత్తరాలు. తనను వింత జీవులు ఎత్తుకెళ్లాయంటూ విట్లీ స్ట్రీబర్ అనే రచయిత 1987లో పుస్తకం రాస్తే, ‘మాకూ ఇలాగే జరిగింది’ అని జనం మూటలకొద్దీ ఉత్తరాలు రాశారు. ఆయన భార్య ఆన్ వాటిని చదివి, ఏరి, వేలల్లో దాచారు. గ్రహాంతరవాసుల సంగతి ఎలా ఉన్నా, అప్పటి మనుషుల భయాలు తెలియాలంటే అంతకన్నా మంచి కట్ట దొరకదు.

ఈ విషయంలో మనకూ చుట్టరికం ఉంది. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో అతీంద్రియ శక్తులపై ప్రయోగాలు చేసిన జె.బి.రైన్ దగ్గర పనిచేసి వచ్చిన కోనేరు రామకృష్ణారావు గారు 1960ల చివర్లో ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ, పారాసైకాలజీ (అతీంద్రియ అనుభవాల అధ్యయనం) శాఖ పెట్టారు. తర్వాత అక్కడే వైస్ ఛాన్సలర్ అయ్యారు. అతీంద్రియ శక్తి ఉందో లేదో చూసే రైన్ పరీక్షలో 25 కార్డులుంటాయి. వలయం, ప్లస్, అలలు, చదరం, నక్షత్రం – ఒక్కోటి ఐదేసి. ఏ కార్డు మీద ఏ బొమ్మ ఉందో చూడకుండా చెప్పాలి. గుడ్డిగా చెప్పినా సగటున ఐదు తగులుతాయి. అందుకే తొమ్మిది చెప్పినవాడి షీటు ఒక్కటే దాస్తే లాభం లేదు, మూడే చెప్పినవాడిదీ ఉండాలి. రైన్ ల్యాబ్ రికార్డులు డ్యూక్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి.

బాణామతి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపే చోట ఇవన్నీ దాచడమేంటని హేతువాదులు కోప్పడొచ్చు. నేనూ ఆ పక్షమే. ప్రయోగం తప్పని తేల్చాలన్నా లెక్కలు చేతికందాలి కదా!

నేను పనిచేసిన ఒక కాలేజీలో సైకాలజీ ప్రాక్టికల్ రికార్డులు తాళ్లు కట్టినవి కట్టినట్టే పాత పేపర్లవాడి కాటా ఎక్కాయి. అడ్డుపడితే ‘మార్కులు వేసేశాం కదండీ’ అన్నారు.

వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీ పారాసైకాలజీ శాఖ స్కోరు షీట్లు, ఉత్తరాలు, థీసిస్‌లు స్కాన్ చేయించి, జాబితా అందరికీ అందుబాటులో పెట్టాలని యూనివర్సిటీ పెద్దలను కోరుతున్నాను. అప్పటి విద్యార్థులు ఇప్పుడు డెబ్బై దాటినవాళ్లు. ఏ కట్టలో ఏముందో చెప్పగలిగేది వాళ్లే. ముందు వాళ్లకు ఫోన్ చేయండి.

– ఒక రిటైర్డ్ లైబ్రేరియన్, విశాఖపట్నం