పగులు మీద పైపై వెల్డింగ్ ప్రాణాల మీదికి తెస్తుంది

సంపాదకులు గారికి నమస్కారం.

రాజాంలో వెల్డింగ్ షాపు నడుపుతున్నాను. వరి కోతలు మొదలైతే మా దగ్గరకు ట్రాక్టర్ ట్రాలీలు వరుస కడతాయి. అందరిదీ ఒకటే మాట: "పైన కాస్త వెల్డింగ్ పెట్టేయ్ మేస్త్రీ, ధాన్యం తోలేశాక చూసుకుందాం."

మొన్న ఒక ట్రాలీ డ్రాబార్, అంటే ట్రాలీని ట్రాక్టరుకు తగిలించే ఇనుప దూలం, రెండు ముక్కలై వచ్చింది. విరిగినచోట సగానికి పైగా నున్నగా, తుప్పు రంగులో ఉంది. నాగావళిలో నీరు తీశాక ఇసుక మీద మిగిలే గీతల్లాంటివి దాని మీద వరసగా ఉన్నాయి. మిగతా కొంచెం గరుగ్గా, తెల్లగా మెరుస్తోంది. అంటే పగులు ఎన్నాళ్ల నుంచో ఉంది. లోడుతో గుంతలో పడ్డప్పుడల్లా వెంట్రుకవాసి ముందుకు జరిగింది. చివరకు మిగిలిన ఆ కాస్త ఇనుమూ బరువు ఆపలేక ఒక్కసారే తెగింది. ఎవరో ఎప్పుడో పెట్టిన వెల్డింగ్ పగులు లోతులో సగానికి కూడా దిగలేదు.

పగులు కొన సూదిలా ఉంటుంది, లాగే బలమంతా అక్కడే పడుతుంది. ఐటీఐలో మా సారు అమెరికా సిల్వర్ బ్రిడ్జి గురించి చెప్పేవారు. 1967 డిసెంబరు 15న అది ఒహైయో నదిలో కూలి 46 మంది చనిపోయారు. వంతెనను మోసే ఒక ఉక్కు పట్టీకి బెజ్జం దగ్గర 2.5 మిల్లీమీటర్ల లోతు పగులు, అంతే. అది పైకి కనిపించే చోట లేదు.

మన ట్రాలీల్లో అయితే కనిపెట్టొచ్చు. గ్రీజు, పెయింటు గీకేసి కిరోసిన్ రాయాలి, అది దొరక్కపోతే డీజిలైనా సరే. కాసేపాగి పొడిగా తుడిచి సుద్దపొడి చల్లితే, లోపలికి దిగిన నూనె పొడిలోకి ఊరి పగులు ఎక్కడిదాకా ఉందో గీత గీసినట్టు చూపిస్తుంది. దాని కొన దగ్గర డ్రిల్‌తో గుండ్రంగా బెజ్జం వేసి, పగులు మొత్తం గ్రైండర్‌తో గాడి తీసి, అప్పుడు అడుగు నుంచి వెల్డింగ్ నింపుకుంటూ రావాలి. పూట పడుతుంది. ఆ పూట ఆగడానికే ఎవరూ ఒప్పుకోరు.

ఆ ట్రాలీల్లో ధాన్యం బస్తాలే కాదు, కోతలకెళ్లే ఆడవాళ్లు, జాతరకెళ్లే పిల్లలు కూడా ఎక్కుతున్నారు. కొనుగోళ్లు మొదలవకముందే రవాణా, వ్యవసాయ శాఖల వారు మండలానికో రోజు పెట్టి డ్రాబార్లు, హుక్కులు, యాక్సిళ్లు ఇలా తనిఖీ చేయించాలి. డీజిలు, సుద్దపొడి ఖర్చు మా షాపులవాళ్లం పెట్టుకుంటాం.

- ఒక వెల్డింగ్ మేస్త్రీ, రాజాం, విజయనగరం జిల్లా